కేరీ గారి ఇంట్లో మూసిన గది



మా అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగితే విశాఖపట్నం. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ గార్లు 1805లో ఆ ఊరు చేరి, తెలుగు నేర్చుకుని, సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. ఒకరు 1809లో, మరొకరు 1810లో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. వారు చేసిన పని అచ్చయింది బెంగాల్‌లోని సెరంపూర్‌లో, విలియం కేరీ గారి ముద్రణాలయంలో. 1814లో తెలుగు వ్యాకరణాన్ని, 1818లో తెలుగు కొత్త నిబంధనను ఇచ్చింది కూడా కేరీ గారే. కాబట్టి ఆయన ఇంటి సంగతి మనకు పరాయి సంగతి కాదు.

వేదాంత పాఠశాలలో ఆయన గురించి పరీక్షకు కావలసినంత రాసుకున్నాను. చెప్పులు కుట్టేవాడు, 1793లో ఓడ ఎక్కాడు, ఎన్నో భాషల్లో బైబిలు తెచ్చాడు. ఆయన భార్య గురించి నా నోటు పుస్తకంలో ఒక్క వరుసే ఉంది: మతి చలించింది.

ఆమె పేరు డరోతి. 1781లో పెళ్లయినప్పుడు రిజిస్టరులో సంతకం చేయడం రాక గుర్తు పెట్టింది. ఇండియాకు రానని చెప్పేసింది. అప్పటికి నిండు గర్భిణి. కేరీ గారు ఫీలిక్స్‌ను ఒక్కణ్ణే వెంటబెట్టుకుని బయల్దేరారు. ప్రయాణం ఆగిపోవడంతో మళ్లీ ఇంటికొచ్చి ఆమెను బతిమాలారు. చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానంది. చంకలో పసికందుతో ఓడ ఎక్కింది. ఇక్కడికొచ్చాక కిట్టీ పెళ్లి చేసుకుని వేరే వెళ్లింది. 1794లో ఐదేళ్ల పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. మా కొండల్లో జ్వరాలకీ విరేచనాలకీ బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల దగ్గర నేను కూర్చున్నాను. ఆ తల్లి మనసు ఎటు పోయిందో కొంచెం తెలుసు. డరోతి గారు మళ్లీ కోలుకోలేదు. 1807 డిసెంబరు 8న చనిపోయేదాకా పదమూడేళ్లు అలాగే గడిచాయి.

1800 డిసెంబరు 28న హుగ్లీ నదిలో కృష్ణపాల్‌కు, ఫీలిక్స్‌కు కేరీ గారు బాప్తిస్మం ఇచ్చారు. ఏడేళ్ల పరిచర్యకు మొదటి ఫలం. మనం ఎన్ని ప్రసంగాల్లో చెప్పుకున్నాం! అదే రోజు ఒక గదిలో తోటి సేవకుడు జాన్ థామస్ మతి తప్పి కేకలు వేస్తున్నాడు, ఇంకో గదిలో డరోతి గారు. నది ఒడ్డున పాటలు పాడుతున్నారు.

పిల్లల సంగతీ అంతే. హన్నా మార్ష్‌మన్ గారు సెరంపూర్ వచ్చి చూసేసరికి ఆ నలుగురు మగపిల్లలు అదుపు లేకుండా ఉన్నారు. వాళ్లను చేరదీసింది ఆమె, ముద్రణాలయం చూసుకునే విలియం వార్డ్ గారు. ఫీలిక్స్‌తో స్నేహం చేసి, వాడి మాట విని, దేవుని వైపు నడిపించింది వార్డ్ గారే. ఆయన అచ్చు పనిలో మునిగి ఆ కుర్రవాణ్ణి పట్టించుకోకపోయి ఉంటే?

కేరీ గారిని నేను తప్పుపట్టే పాటివాణ్ణి కాను. డరోతి గారిని చివరిదాకా ఇంట్లోనే ఉంచుకుని చూశారు. కానీ బయల్దేరేటప్పుడు ఆమె భయాన్ని దాటాల్సిన అడ్డంకిగానే చూశారని నాకనిపిస్తుంది. అలా ఎందుకు అనిపిస్తుందంటే, నేనూ అలాగే చూశాను.

మా పెద్దవాడు విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో, వాడు ఆదివారం ఆరాధనకు వెళ్లడం మానేశాడని వేరే కాపరి ఒకరు చెప్పారు. ఫోన్ చేసి గట్టిగా అడిగాను. "నువ్వెప్పుడూ ఫీజు గురించే అడిగావు నాన్నా" అన్నాడు. మా ఆవిడకు ముందే తెలుసట. "చెబుదామంటే మీరు ఎప్పుడూ బండి మీదే ఉంటారు" అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా నేను తాళంచెవి పట్టుకునే ఉన్నాను.

నా దగ్గర ఒక పుస్తకం ఉంది. ఏ ఊళ్లో ఎవరికి జ్వరం, ఎవరి ఇంట్లో గొడవ, ఎవరి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి, అన్నీ అందులో రాసుకుంటాను. ఆ రాత్రి మొదటినుంచి తిరగేశాను. మా ఇల్లు ఎక్కడా లేదు. చివరి పేజీలో ముగ్గురి పేర్లు రాశాను, మా ఆవిడ పేరు ముందు.

మొన్న పై ఊళ్లో కూడిక ఉంది. సంఘ పెద్దతో మాట్లాడితే, "మేము చూసుకుంటాం అయ్యగారూ, వెళ్లి రండి" అన్నాడు. ఇద్దరం పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్లాం. బీచ్ దగ్గర వాడు, వాళ్లమ్మ మొక్కజొన్న కంకులు తింటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆరాధన సంగతి నేను ఎత్తలేదు. తిరిగి బస్సెక్కేటప్పుడు వాడే అడిగాడు, మళ్లీ ఎప్పుడొస్తారని.