చెరసాలలో మొదలైన పాట

ఖమ్మం నుంచి కోదాడ వెళ్లే దారిలో నేలకొండపల్లి వస్తుంది. ఆ పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది కంచర్ల గోపన్న. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ పుట్టాడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు, భద్రాచలంలో రామాలయం కట్టించాడు. సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నేరం మీద తానీషా కాలంలో గోల్కొండ కోటలో ఏళ్ల తరబడి ఖైదులో మగ్గాడు. ఆయనకంటే చాలా శతాబ్దాల ముందటి బౌద్ధ మహాస్తూపం కూడా ఈ ఊళ్లోనే ఉంది. మనసుకు నెమ్మది కావాలని వెతికిన మనుషులు ఈ నేలకు కొత్త కాదు. ఆ వరుసలో అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాళ్లు క్రైస్తవులు. ప్రార్థన కూడికల్లో వాళ్లు పాడుకునే పాటల మూలం వెతుకుతూ పోతే, అదీ ఒక చెరసాల దగ్గరే తేలుతుంది.

ఆ చెరసాల ఫిలిప్పీలో ఉంది. తొలినాటి క్రైస్తవ బోధకులైన పౌలునీ సీలనూ బెత్తాలతో కొట్టించి, కాళ్లకు బొండ వేసి లోపలి గదిలో పడేశారు. అర్ధరాత్రి వాళ్లు ప్రార్థన చేస్తూ పాటలు పాడుతుంటే తోటి ఖైదీలు విన్నారని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది. ఏళ్ల తర్వాత పౌలు మళ్లీ ఖైదులో ఉండి, అదే ఊరి సంఘానికి ఉత్తరం రాశాడు. దేని గురించీ చింతపడవద్దనీ, కావలసినవన్నీ కృతజ్ఞతతో దేవుడికి విన్నవించుకోమనీ, అప్పుడు బుద్ధికి అందని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుందనీ అందులో చెప్పాడు. చింత గురించి క్రైస్తవులు ఎక్కువగా తలుచుకునే మాటల్లో ఇవి ముందుంటాయి.

అదే ఉత్తరంలో రెండో అధ్యాయం మీద చాలామంది నిలవరు. ఎపఫ్రొదితు అనే స్నేహితుడు జబ్బుపడి చావుదాకా వెళ్లొచ్చాడు. అతణ్ణి మీ దగ్గరికి పంపిస్తే నా దుఃఖం కొంత తగ్గుతుందని పౌలు అక్కడ రాసుకున్నాడు. చింతపడవద్దన్న మనిషికీ గుండెలో బరువుంది. సంఘాలన్నిటి గురించిన చింత తనకు రోజూ ఉందని కొరింథువాళ్లకు రాసిన మరో ఉత్తరంలో కూడా ఒప్పుకున్నాడు. అందుకే నాకు ఆ మాట మీద నమ్మకం. సుఖంగా కూర్చున్నవాడు ఇచ్చిన సలహా కాదది. బరువు మోస్తున్నవాడు, దాన్ని ఎక్కడ దించుకోవచ్చో సాటివాళ్లకు చూపించిన చోటు.

దించుకోవడమంటే నోరు మూసుకుని ఊరుకోవడం కూడా కాదు. బైబిల్లోని 150 కీర్తనల్లో మొరలు, ఫిర్యాదులు ఎన్నో ఉన్నాయి. ఎంతకాలం నన్ను మరిచిపోతావని పదమూడో కీర్తన దేవుణ్ణే నిలదీస్తుంది. ఇక్కడ రామదాసుగా పేరుపడిన గోపన్న చేసిందీ అదే పని. గోల్కొండ చెరలో రాముణ్ణి బతిమాలాడు, నిష్ఠూరమాడాడు, చేయించిన నగల లెక్కలు అప్పజెప్పాడు. ఆ కీర్తన రాసినవాడి దేవుడూ రామదాసు దేవుడూ వేరు, మతం వేరు. ఆ తేడాలు చిన్నవని నేననను. కానీ మనసు విప్పుకునే తీరు తెలిసిన నేల ఇది. నమ్మినవాడికి దేవుడితో పేచీ పెట్టుకునే చనువు ఉంటుందని నేలకొండపల్లివాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. విశ్వాసం ఉంటే దిగులెందుకు పడతావని బాధలో ఉన్నవాళ్లను గద్దించే బోధ విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. కీర్తనల గ్రంథం చదివినవాళ్లు అలా గద్దించలేరు.

క్రైస్తవం తెలుగులోకి మొదట వచనంగా వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగు చేసినా అది అచ్చుకెక్కలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ మళ్లీ మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే తెలుగు పండితుడు వాళ్లకు చేదోడయ్యాడు. సువార్తలు చేతికొచ్చాయి గానీ, పొలంలో వంగి నాట్లు వేసే మనిషి నోట నిలవాలంటే పాట కావాలి. ఆ పాట పురుషోత్తమ చౌదరి ఇచ్చాడు. ఆయన 1803లో పుట్టాడు, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు, 1890లో కన్నుమూశాడు. తెలుగూ సంస్కృతమూ చదువుకున్నవాడు. క్రీస్తు కథకు విదేశీ బాణీలు అరువు తెచ్చుకోకుండా పల్లవి, చరణాలతో మన కీర్తన అచ్చులోనే పోశాడు. నూటికి పైగా పాటలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం పేర్లుంటాయి. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్లు, సిద్ధాంతాల దగ్గర ఎంత వాదించుకున్నా, ఆ పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఒకే గొంతు కలుపుతారు. తెలుగు క్రైస్తవుల్లో నెమ్మదిని నాటినవాళ్ల పేర్లు చెప్పమంటే నేను ఏ బోధకుడి పేరూ ముందు చెప్పను, చౌదరి పేరే చెబుతాను.

భద్రాచలం వైపు క్రైస్తవ బోధ గోదావరి పనుల వెంట వచ్చింది. పై గోదావరిలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని సాగుతున్నప్పుడు అక్కడి ఇంజనీరు హేగ్. 1860ల్లో ఆయన ప్రోద్బలంతో చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది. ఆ పనికి పూనుకున్న మొదటి మనిషి తెలుగువాడే, వెంకటరామరాజు. తర్వాత జాన్ కెయిన్ వచ్చి చాలాకాలం అక్కడే ఉన్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ యాంటిక్వరీలో వ్యాసాలు రాశాడు. పడవల పథకం 1871లో ఆగిపోయింది. పాట ఆగలేదు.

ఖమ్మం వైపు ఊళ్లకు మాత్రం డోర్నకల్లే పెద్ద దిక్కు. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంతంగా ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను తమ సేవా క్షేత్రంగా ఎంచుకున్నారు. ఆ సంఘం పెట్టినవాళ్లలో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే ఇక్కడికి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. సొంత భూమి లేదు, వెట్టి ఉంది. ఈ పూట కూలి గింజలొస్తే ఈ పూట గంజి. రేపేం తింటాం, ఏం కట్టుకుంటాం అని దిగులుపడొద్దని యేసు కొండమీద చెప్పిన మాటలను కడుపునిండినవాళ్లు కవిత్వంలా చదువుకోవచ్చు. ఈ కూలీలకు అవి నేరుగా తమ పొయ్యి గురించి అన్న మాటలు. ప్రభువు ప్రార్థనలో అడిగే రొట్టె కూడా ఒక్కరోజుకే. పదేళ్లకు సరిపడా అడగమని యేసు నేర్పలేదు. రోజుకూలీ బతుక్కి ఇంత దగ్గరగా వచ్చిన ప్రార్థన నాకు ఇంకోటి తెలియదు. అయితే అజరయ్య వాళ్లకు ఓదార్పు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. బడులు పెట్టించాడు, ఊళ్లవాళ్లలోంచే ఉపదేశకులను తయారుచేశాడు. అక్షరం రాని పెద్దలకు బోధ నోటిపాఠంగా, పాటగా అందింది. రేపటి దిగులు తగ్గాలంటే రేపు కొంచెమైనా మారాలి గదా. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌లో గుడి స్తంభాల తీరూ, మసీదు గుమ్మటాల పోలికా కలిసి కనిపిస్తాయి. అజరయ్య 1945 జనవరి 1న పోయాడు. మూడేళ్లు నిండకముందే, 1947 సెప్టెంబర్‌లో, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది.

ఆ తర్వాత పాటలు ఇంకా పెరిగాయి. 1950లో హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలో సువార్తికుడు భక్త్ సింగ్ హెబ్రోను ప్రార్థన మందిరాన్ని స్థాపించాక సీయోను గీతాలు ఊరూరా చేరాయి. హార్మోనియం, కంజీర పక్కన కీబోర్డు, ప్యాడ్లు వచ్చాయి. ఇప్పుడు ఫోనులో రోజుకో కొత్త పాట. కొన్ని నిలుస్తాయి, చాలా నిలవవు.

పాటతో పాటు పుట్టిన మరో అలవాటు నాకు పాటంత విలువైనదిగా తోస్తుంది. గృహ కూడికలో పాట అయ్యాక ప్రార్థన అవసరతలు అడుగుతారు. ఒకామె పత్తి అప్పు చెబుతుంది, ఒకాయన కూతురి పెళ్లి సంగతి చెబుతాడు, ఇంకొకరు స్కానింగు రిపోర్టు చేతిలో పట్టుకుని నిలబడతారు. ఒంటరిగా రాత్రంతా నమిలిన దిగులు పదిమంది ముందు మాటవుతుంది, పదిమంది దాన్ని పేరుపెట్టి దేవుడికి చెబుతారు. విన్నవించుకోమని పౌలు చెప్పింది ఒక సంఘానికి, అందరికీ కలిపి. ఒంటరిగా గదిలో కూర్చుని సాధించే నెమ్మదిని ఆయన ఆ ఉత్తరంలో ఎక్కడా అడగలేదు.

దిగులు జబ్బుగా ముదిరి నిద్రా తిండీ పోయినవాళ్లను ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి కూడా పంపే పాస్టర్లు కావాలి. 2022 నుంచి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు కూడా కూడికలో చదివి వినిపించాలి. అవసరత చెప్పినవాళ్లు తర్వాతి కూడికల్లో లేచి సాక్ష్యం చెబుతారు. అప్పు తీరిందని చెప్పేవాళ్లు కొందరే ఉంటారు. తీరలేదు గానీ నిద్రపట్టిందని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. ఆ సాక్ష్యానికి కూడా అంతే గట్టిగా స్తోత్రం చెబుతారు.