జీఫోర్స్ జీటీఎక్స్ 1050 టీఐ

జీఫోర్స్ జీటీఎక్స్ 1050 టీఐ అమెరికాకు చెందిన ఎన్విడియా సంస్థ 2016 అక్టోబరు 25న విడుదల చేసిన గ్రాఫిక్స్ కార్డు. తక్కువ ఖర్చుతో కంప్యూటరు ఆటలు ఆడదలచినవారి కొరకు ఉద్దేశించిన ఈ కార్డు విడుదలనాటి ధర 139 డాలర్లు. ప్రత్యేక విద్యుత్ తీగతో పని లేకుండా, మదర్‌బోర్డు స్లాటు అందించగల 75 వాట్లతోనే పనిచేయడం దీని ముఖ్య లక్షణం. అందువలన చిన్న పవర్ సప్లై గల పాత కార్యాలయపు కంప్యూటరును సైతం దీనితో ఆటలకు అనువుగా మార్చుకొనవచ్చును. ఇటువంటి చవక కార్డుతో ఆట సాఫీగా సాగడమనేది కార్డు శక్తితో పాటు దానిపై మోపే భారం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

నిర్మాణం

ఇది పాస్కల్ శ్రేణికి చెందినది. ఇందలి జీపీ107 చిప్పును శాంసంగ్ సంస్థ 14 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేసినది. చిప్పులో సుమారు 330 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. కార్డులో 768 కోర్లు, 4 గిగాబైట్ల జీడీడీఆర్5 మెమరీ ఉంటాయి. మెమరీ మార్గం వెడల్పు 128 బిట్లు. సెకనుకు 112 గిగాబైట్ల సమాచారం ఈ మార్గం గుండా ప్రయాణించగలదు. కొన్ని కంపెనీలు తమ నమూనాలకు 6 పిన్నుల విద్యుత్ కనెక్టరును కూడా అమర్చాయి. అట్టి కార్డు కొనేముందు పవర్ సప్లైలో తగిన తీగ ఉన్నదీ లేనిదీ చూసుకొనవలెను.

రిజల్యూషన్

తెరపై కనిపించే ప్రతి చిత్రం చిన్న చిన్న చుక్కల సముదాయం. ఈ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు. 1920×1080 రిజల్యూషన్‌లో ఒక చిత్రానికి 20,73,600 పిక్సెళ్ళు ఉంటాయి. 1600×900లో 14,40,000, 1280×720లో 9,21,600 ఉంటాయి. అనగా రిజల్యూషన్‌ను 1080 నుండి 720కి తగ్గించినచో పిక్సెళ్ళ సంఖ్య సగం కంటె తక్కువ అవుతుంది. సెకనుకు 60 చిత్రాలు రావలెనన్న ఒక్కొక్క చిత్రాన్ని సుమారు 16.7 మిల్లీసెకన్లలో, 30 చిత్రాలు చాలునన్న 33.3 మిల్లీసెకన్లలో పూర్తిచేయవలెను. చిత్రాల సంఖ్య ఎగుడుదిగుడుగా ఉండుటకంటె తక్కువైనా నిలకడగా ఉండుట కంటికి హాయినిస్తుంది. కనుక బరువైన ఆటలలో చిత్రాల సంఖ్యకు 30 లేదా 40 వద్ద పరిమితి పెట్టుట మేలు.

ఏఎమ్‌డీ సంస్థ 2021 జూన్‌లో విడుదల చేసిన ఎఫ్ఎస్ఆర్ అనే పద్ధతి చిత్రాన్ని చిన్న పరిమాణంలో గీయించి, తెరకు సరిపడునట్లు పెంచి చూపుతుంది. పోటీ సంస్థ రూపొందించినదైనప్పటికీ, దీనికి అవకాశమిచ్చే ఆటలలో ఇది 1050 టీఐపై కూడా పనిచేస్తుంది. ఎన్విడియా వారి డీఎల్ఎస్ఎస్ మాత్రం ఆర్టీఎక్స్ శ్రేణి కార్డులకే పరిమితం.

వీడియో మెమరీ

వస్తువుల ఉపరితలాలపై పరచే చిత్రాలను టెక్స్చర్లు అంటారు. ఇవి ప్రధానంగా మెమరీని ఆక్రమిస్తాయి. నీడలు, ప్రతిబింబాలు మొదలగునవి కోర్లకు పని పెంచుతాయి. ఆటకు కావలసిన సమాచారం 4 గిగాబైట్లలో పట్టనిచో, మిగిలినది కంప్యూటరు ర్యాము నుండి స్లాటు ద్వారా రావలెను. ఆ దారి వేగం సెకనుకు సుమారు 16 గిగాబైట్లు మాత్రమే. కార్డు సొంత మెమరీ వేగంలో ఇది ఏడవ వంతు. ఆట అకస్మాత్తుగా ఆగి ఆగి నడవడానికి ఇది ఒక ముఖ్య కారణం. కావున మెమరీ నిండనంత వరకు టెక్స్చర్లను మధ్యస్థంగా ఉంచి, ముందుగా నీడల నాణ్యతను తగ్గించుట మంచిది. గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5 వంటి ఆటలు తమ సెట్టింగులలోనే ఎంత మెమరీ అవసరమో చూపుతాయి.

లోపం ఎక్కడున్నదో తెలుసుకొనుట

రిజల్యూషన్ బాగా తగ్గించినా సెకనుకు వచ్చే చిత్రాల సంఖ్య పెరగనిచో, చాలావరకు అడ్డంకి గ్రాఫిక్స్ కార్డు కాదు, ప్రాసెసరు లేదా ర్యాము. అటువంటప్పుడు ఖరీదైన కార్డు కొన్నా ప్రయోజనం అంతగా ఉండదు. ఒకే ర్యాము పలకకు బదులు రెండింటిని జోడించి డ్యూయల్ ఛానల్ పద్ధతిలో వాడుట వలన కొన్ని ఆటలలో మెరుగుదల కనిపిస్తుంది. మానిటరు తీగను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించవలెను. దుమ్ము పేరుకొని కార్డు వేడెక్కినచో అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. కనుక ఫ్యానును, లోహపు రెక్కలను అప్పుడప్పుడు శుభ్రపరచవలెను. ఓవర్‌క్లాకింగ్ ద్వారా కొంత వేగం పెంచవచ్చును కానీ, 75 వాట్ల పరిమితి వలన ఆ లాభం స్వల్పమే.

కొనుగోలులో జాగ్రత్తలు

పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ కార్డుల బయోస్‌ను మార్చి 1050 టీఐ పేరుతో అమ్మిన మోసాలు జరిగాయి. ఉచితంగా లభించే జీపీయూ-జెడ్ అను సాఫ్టువేరులో 2018 నుండి ఇటువంటి నకిలీలను గుర్తించే సౌకర్యం ఉన్నది. కోర్ల సంఖ్య 768, మెమరీ మార్గం 128 బిట్లు అని చూపుతున్నదేమో పరిశీలించవలెను.

అసలైన కార్డులలో కూడా పేరు ఒక్కటే చూసి మోసపోరాదు. జీటీ 1030 కార్డు 2017లో జీడీడీఆర్5 మెమరీతో, 2018లో డీడీఆర్4 మెమరీతో అదే పేరున వచ్చినది. మొదటిదాని మెమరీ వేగం సెకనుకు 48 గిగాబైట్లు కాగా, రెండవదానిది 16.8 మాత్రమే.

పరిమితులు

ఈ కార్డులో రే ట్రేసింగ్ హార్డువేరు లేదు. దానిని తప్పనిసరి చేసిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ (2024) వంటి ఆటలను ఏ సెట్టింగు మార్చినా దీనిపై ఆడలేరు. పాస్కల్ శ్రేణికి కొత్త ఆటల కొరకు డ్రైవర్లను మెరుగుపరచుట 2025 అక్టోబరుతో ముగుస్తుందనీ, అటుపై 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామనీ ఎన్విడియా 2025లో ప్రకటించినది. కావున పాత ఆటలకు, తేలికైన ఆటలకు ఇది ఉపయోగకరమే అయినా, కొత్తగా రాబోయే పెద్ద ఆటలను దృష్టిలో ఉంచుకొని దీనిని కొనుట తగదు.

ఇవి కూడా చూడండి

ఎన్విడియా
గ్రాఫిక్స్ కార్డు
మదర్‌బోర్డు