బువ్వ తినిపించే విద్య

తెలుగిళ్లలో పసిపిల్లల కోసం వేరే పొయ్యి వెలిగించడం అరుదు. పెద్దలకు వండిన అన్నంలోంచే గరిటెడు తీసి మెత్తగా మెదిపి, పప్పు మీద తేరిన కట్టు పోసి, ఇంత నెయ్యి, చిటికెడు ఉప్పు వేస్తే అదే బువ్వ. ఆ గరిటెడు అన్నం పిల్ల కడుపులోకి చేరడానికి మాత్రం ఆడవాళ్లు తరాల తరబడి బుర్రకు పదును పెట్టాల్సి వచ్చింది. రాచ విందుల వర్ణనలు కావ్యాల్లో కావలసినన్ని ఉన్నాయి. రెండేళ్ల పిల్ల పెదవులు బిగించి మొహం తిప్పేసుకుంటే తల్లి అప్పటికప్పుడు కనిపెట్టిన ఉపాయాన్ని ఎవరూ తాటాకు మీదకు ఎక్కించలేదు. అది గిన్నెల్లోనూ, పండుగ పిండివంటల్లోనూ, ముద్దలు కలిపే చేతి ఒడుపులోనూ నిలిచింది. ఈ చరిత్రను అక్కడి నుంచే చదవాలి.

మొదటి సాక్ష్యం ఉగ్గుగిన్నె. అరచేతిలో ఇమిడే చిన్న గిన్నె, ఒక పక్కన సన్నని ముక్కు. ఇంటి స్తోమతను బట్టి వెండిదో, కంచుదో, ఇత్తడిదో. బిడ్డను చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆ ముక్కును పెదవుల సందున ఆనించి కొద్దికొద్దిగా వదిలేవారు. ఒకప్పుడు దానితో పోసింది పాలు, ఆముదం, అరగదీసిన వసకొమ్ము. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దని నేటి వైద్యులు చెబుతున్నారు, అది పాటించి తీరవలసిన మాట. గిన్నె పనితనాన్ని మాత్రం మెచ్చుకోకుండా ఉండలేం. మింగడం ఇంకా సరిగా రాని నోట్లో ఎంత పడాలో, ఎంత నెమ్మదిగా పడాలో ఆలోచించి దానికి ఆ రూపు ఇచ్చారు. తమిళులు పాలాడై అనే ఇలాంటి గిన్నెతోనే, నెలలు నిండకుండా పుట్టి రొమ్ము పట్టలేని బిడ్డలకు ఆసుపత్రుల్లో ఇప్పటికీ పిండిన తల్లిపాలు పడుతున్నారు.

అన్నప్రాశన అయ్యాక అసలు ప్రయోగాలు మొదలవుతాయి. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి, పెసరపప్పు, కందిపప్పు విడివిడిగా దోరగా వేయించి, జీలకర్ర, వాము చేర్చి, తిరగలిలో సన్నని రవ్వగా విసిరి డబ్బాకెత్తేవారు. చారెడు రవ్వ నీళ్లలో ఉడికించి నెయ్యి వేస్తే ఉగ్గు తయారు. ఈ ఉగ్గుకు ఇంటికో కొలత. పొట్ట ఉబ్బరించిందంటే వాము మోతాదు పెరుగుతుంది, విరేచనం పల్చబడిందంటే పప్పు తగ్గుతుంది. పిల్ల మొహం మొత్తినట్టు కనిపిస్తే పెసరపప్పు పోయి కందిపప్పు వస్తుంది. రాగులు పండే ఊళ్లలో మరో దారి తొక్కారు. రాగుల్ని నానబెట్టి, మూటగట్టి, మొలకెత్తాక ఎండబెట్టి విసిరి జావ కాచారు. మొలకెత్తిన గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి కాబట్టి పిండి ఎక్కువ వేసినా జావ పల్చగానే జారుతుంది. బుల్లి పొట్టలో ఎక్కువ బలం ఎలా పట్టించాలన్న చిక్కు ప్రశ్నకు అది చక్కని జవాబు. ప్రయోగశాలలు ఈ పద్ధతిని కొలిచి నిరూపించింది ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లోనే.

రుచి ఒక్కటే పిల్లను లొంగదీయదు. అందుకే గోరుముద్ద పుట్టింది. పెద్దల ముద్దలో పావు వంతు కూడా ఉండదు. పైగా ప్రతి ముద్దకూ ఒక పేరు: ఇది తాతయ్య ముద్ద, ఇది అమ్మమ్మ ముద్ద, ఇది కాకమ్మ ముద్ద. కాకమ్మది తినకపోతే కాకమ్మ ఎగరేసుకుపోతుంది. అన్నమయ్య పేరుతో ప్రచారంలో ఉన్న చందమామ పాట ఎన్ని లక్షల ముద్దలకు తోడు వచ్చిందో! ఆకాశం కేసి చూస్తూ నోరు తెరిచిన క్షణంలో ముద్ద లోపలికి వెళ్లిపోతుంది.

కొంచెం ఎదిగిన పిల్లల తిండి గురించి మాత్రం మనకు గొప్ప లిఖిత సాక్ష్యం ఉంది. పదిహేనో శతాబ్దంలో పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు, గొల్లపిల్లలు అడవిలో కలిసి చల్దులు తినే ఘట్టం రాశాడు. ఎడమ చేతిలో మీగడ పెరుగుతో మేళవించిన చల్దిముద్ద, వేళ్ల సందుల్లో ఇరికించుకున్న ఊరగాయ ముక్కలు. ఒకడు చూపించి ఊరిస్తూ తింటాడు, ఇంకొకడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగేస్తాడు. తెలుగు పిల్లలు ఏం తినేవారో, ఎంత ఇష్టంగా తినేవారో దీనికన్నా బాగా చెప్పిన చోటు మరొకటి కనిపించదు. తోటి పిల్లల మధ్య కూర్చోబెడితే మారాం చేసేవాడు కూడా తింటాడని తల్లులకు తెలిసిన రహస్యం పోతన పద్యాల్లో నిండుగా ఉంది.

పండుగల్ని ఈ కోణంలోంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. తొలి ఏకాదశికి జొన్న పేలాలు, బెల్లం కలిపి దంచిన పేలాలపిండి. నాగుల చవితికి నువ్వులు, బెల్లం కలిపిన చిమ్మిలి. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు రొట్టెను నలిపి బెల్లం కలిపి ముద్దకట్టిన మలీద. దేవుడికో బతుకమ్మకో చూపించాక ఎక్కువ భాగం చేరేది పిల్లల చేతుల్లోకే. ధాన్యాన్ని వేయించడమో కాల్చడమో, పొడి చేయడం, బెల్లంతో కట్టడం: పద్ధతి ఒక్కటే. వేయిస్తే కమ్మని వాసన వస్తుంది, నిలవుంటుంది. బెల్లం వేస్తే పిల్లలు అడిగి మరీ తింటారు. ఈ పద్ధతినే తర్వాత హైదరాబాద్‌లో శాస్త్రవేత్తలు చేతికి తీసుకున్నారు.

అయితే వారికంటే ముందే, ఇంటి బయట పిల్లలకు వండి పెట్టే ఆలోచన ఒక తెలుగువాడి హయాంలో మొదలైంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు తిండి పెట్టించాడు. ఒక్కో పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని లెక్క. కడుపు నిండితే బడికి వస్తారన్నది ఆశ. మన ప్రాంతాల్లో ఈ పని స్థిరపడటానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది.

ఇంటి తిండిని తూచి చూసిన మొదటి పెద్ద ప్రయోగం నీలగిరుల్లోని కూనూరులో జరిగింది. అక్కడ 1918లో బెరిబెరి పరిశోధనతో మొదలైన చిన్న కేంద్రంలో రాబర్ట్ మెకారిసన్ మన దేశంలోని వేర్వేరు ప్రాంతాల ఇంటి భోజనాల్ని ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టెలు, పాలు, పప్పులు, కూరగాయలు ఉన్న సిక్కుల తిండి తిన్నవి బాగా ఎదిగాయి. ఎక్కువ భాగం తెల్లన్నమే ఉన్న మద్రాసు తిండి తిన్నవి వెనకబడ్డాయి. ఆ మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ కూడా ఉన్నాయి. పిల్ల బువ్వ గిన్నెలో అన్నం వాటా తగ్గి పప్పు, పాలు, ఆకుకూర పెరగాలన్న మాటకు ఆధారం అక్కడ దొరికింది. ఆ కేంద్రం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉంది.

హైదరాబాద్‌లో ఆ శాస్త్రవేత్తల ఎదుటికి ఎలుకలు కాదు, పిల్లలు వచ్చారు. నీలోఫర్ ఆసుపత్రి 1953లో మొదలైంది. తన పరిచారిక ప్రసవంలో చనిపోవడంతో కలతపడిన నిజాం కోడలు నీలోఫర్ పట్టుదల దాని వెనుక ఉంది. ఒళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి, చర్మం పొలుసులు లేచి, తిండి చూస్తేనే ఏడ్చే పిల్లలు అక్కడికి వచ్చేవారు. ఆ జబ్బు పేరు క్వాషియార్కర్. ఆకలి చచ్చిపోవడం కూడా దాని లక్షణమే. మందు కన్నా ముందు వాళ్ల చేత ముద్ద మింగించాలి. పాలపొడి కొనలేని కుటుంబాలవి. ఇంటికి పంపాక తల్లి ఏం వండి పెట్టగలదన్నదే అసలు ప్రశ్న.

దానికి వచ్చిన జవాబుకు హైదరాబాద్ మిక్స్ అని పేరు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ పలుకులు 10, బెల్లం 20. వేయించి, పొడి కొట్టి, బెల్లం కలిపితే మొత్తం 86 గ్రాములు. 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రొటీన్. పక్క వీధి కొట్లో దొరకని సరుకు ఇందులో ఒక్కటీ లేదు. రాయలసీమ మెట్ట చేలల్లో విరివిగా పండే వేరుశనగ ఇందులోకి రావడం ఎంతో సబబైన ఎంపిక. పేలాలపిండి దంచిన చేతికి ఇది కొత్త వంట కాదు. శాస్త్రం కొత్తగా చేర్చింది త్రాసు.

అదే కాలంలో సి. గోపాలన్ నాయకత్వంలో ఈ సంస్థ మరో గట్టి మాట చెప్పింది. 1960ల్లో ప్రపంచమంతా పిల్లలకు కావలసింది ప్రొటీనే అంటూ చేపపిండి దగ్గర నుంచి లైసిన్ కలిపిన రొట్టె దాకా వెతుకుతోంది. మన పల్లె పిల్లలకు ముందు కావలసింది కడుపు నిండా తిండి అని గోపాలన్ బృందం వాదించింది. హైదరాబాద్ పరిసర గ్రామాల్లోని పిల్లలకు 14 నెలల పాటు రోజూ గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తీపి పదార్థం పెట్టి చూశారు. దానిలో 310 కేలరీలు, 3 గ్రాముల ప్రొటీన్ మాత్రమే. పెట్టని పిల్లలకన్నా ఈ పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ మెరుగయ్యారు. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లలు ఇష్టంగా తినే తీపిని ఎంచుకోవడం ఈ ప్రయోగం బలాల్లో ఒకటి. చప్పటి పొడులు ఎంత బలమైనవైనా రోజూ నోటికి పోవు.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీ పథకం మొదలయ్యాక ఈ వంట ఇంటి తిరగలి దాటి ఫ్యాక్టరీకి చేరింది. హైదరాబాద్ నాచారంలోని ప్రభుత్వ సంస్థలో వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో బాలామృతం తయారవుతుంది. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. తల్లులు దాన్ని వేడినీళ్లలో కలిపి ఊరుకోలేదు. నెయ్యి వేసి ఉండలు చుట్టారు, అట్లు పోశారు, పాలల్లో ఉడికించారు. పొడి సర్కారుది, వంట తల్లిది.

బజారు కూడా ఈ పనిలోకి దిగింది. 1970ల్లో రాజమండ్రి దగ్గర ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ వచ్చింది. బార్లీ మాల్టు వాసన గోదావరి జిల్లాల పిల్లలకు ఇంటి వాసనైపోయింది. పాల డబ్బాల మీద బొద్దు పాపల బొమ్మలు చూసి తల్లులు ఉగ్గును చిన్నచూపు చూసిన రోజులు ఉన్నాయి. 1992లో వచ్చిన చట్టం పాలపొడి డబ్బాల ప్రచారాన్ని నిషేధించింది; 2003 సవరణ రెండేళ్ల లోపు పిల్లల ఆహారాలన్నిటికీ దాన్ని విస్తరించింది. అవసరమైన చట్టమే, ఆలస్యంగా వచ్చింది.

బడి భోజనం సంగతికి వస్తే, 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశించాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మధ్యాహ్న భోజనం మొదలైంది. రోజూ ఒకే తీరు అన్నం, నీళ్ల చారు. ఆకలి తీర్చేది, అంతకుమించి ఊరించేది కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ఈ పథకానికి గోరుముద్ద అని పేరుపెట్టి వారానికి సరిపడా రకాలు మార్చింది: ఒకరోజు పులిహోర, మరోరోజు ఆకుకూర పప్పు, ఇంకోరోజు సాంబారు, తీపి పొంగలి, గుడ్లు, వేరుశనగ చిక్కీ. 2023లో బెల్లం వేసిన రాగిజావ చేరింది. తర్వాత పథకానికి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. కోనసీమ లంకల గన్నవరంలో దారిన పోయే వారికి వేళ కాని వేళల్లో కూడా వండి వడ్డించిన ఆ ఇల్లాలి పేరు పెట్టడం ఎంతైనా తగిన పని. 2025లో రాష్ట్రాన్ని నాలుగు జోన్లుగా విడదీసి ఏ ప్రాంతం రుచికి తగ్గట్టు ఆ ప్రాంతానికి మెనూ రాశారు. శ్రీకాకుళం పిల్ల నాలుక, అనంతపురం పిల్ల నాలుక ఒక్కటి కావని ప్రభుత్వ కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఈ మెనూను నిజం చేసేది బడి వెనక షెడ్డులో వందల మందికి వండే ఆడవాళ్లు. ఏ పిల్ల వంకాయ తీసి పక్కన పెడుతుందో, ఏ పిల్లవాడు రెండోసారి సాంబారు అడుగుతాడో వాళ్లకే తెలుసు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వారికిస్తున్న గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. ఇన్ని కమిటీలు, ఇన్ని మెనూలు మారాక ఇప్పుడు మారవలసింది ఆ అంకె.