దయ నుంచి హక్కుదాకా

మనం చదివిన రోజుల్లో ప్రైవేటు బడిలో పేదపిల్లవాడికి ఉచిత సీటంటే యాజమాన్యం దయే. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని హక్కు చేసింది: ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకివ్వాలి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు సమర్థించింది. అన్‌ఎయిడెడ్ మైనారిటీ బడులకు మాత్రం మినహాయింపునిచ్చింది.

ప్రభుత్వం బడికి తిరిగి చెల్లించేది, తాను ఒక్కో పిల్లవాడిపై పెట్టే ఖర్చు, బడి ఫీజు, వీటిలో ఏది తక్కువైతే అది. ఇంజినీరుని కదా, నా కన్ను ముందు ఆ తేడా మీదే పడుతుంది. పైగా బస్సు చార్జీలెవరిస్తారు? కూలికెళ్లే తల్లికి దరఖాస్తు గడువెవరు చెబుతారు?

మన సంఘం నిధి స్వాగత తోరణానికి కాక వీటికి పోవాలన్నది నా వాదన. దరఖాస్తుల నెలలో ఇద్దరిద్దరం పక్క బస్తీలకెళ్లి ఫారాలు నింపిపెడదాం. ఆదివారాలు నేను ఖాళీయే.