కలివి కోడి కథలో మనోళ్లు ఎక్కడున్నారు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక బిట్ ఉంటుంది. కలివి కోడి ఏ అభయారణ్యంలో ఉంది? జవాబు: శ్రీలంకమల్లేశ్వర, కడప జిల్లా. నేనూ బట్టీ పట్టి వదిలేశాను. తర్వాత దాని చరిత్ర చదివితే, అది మన నెల్లూరు వైపు నుంచే మొదలైందని తెలిసింది.

థామస్ జెర్డాన్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. పక్షులంటే ఆయనకి పిచ్చి. ఇక్కడి జంతువుల పేర్లు, అలవాట్లు మన యానాదులను అడిగి తెలుసుకునేవాడు. 1848లో ఈ పక్షి గురించి బయటి ప్రపంచానికి తెలిసింది. నెల్లూరుకి పడమర కొండల్లో, కడపలో దొరుకుతుందని ఆయనే రాశాడు. ఉదయగిరి, ఆత్మకూరు నుంచి పడమరకి తిరిగితే కనిపించే వెలిగొండలు ఆ వైపువే.

ఆయన పుస్తకంలో ఈ పక్షికి ఒక తెలుగు పేరు కూడా ఉంది. అడవి ఉత్త తిత్తి. అంటే అడవిలో ఖాళీ సంచి. ఆ పేరు దొర పెట్టింది కాదు. ఇక్కడి మనిషి ఎవరో చెబితే రాసుకున్నాడు. కానీ ఇంగ్లీషులో పక్షికి జెర్డాన్ పేరు మిగిలింది, చెప్పినాయన పేరు మిగల్లేదు.

1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. ఆ తర్వాత 86 ఏళ్లు శాస్త్రవేత్తలకి దొరకలేదు. ఇక అంతరించిపోయింది అనుకున్నారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతకడం మొదలుపెట్టారు. భరత్ భూషణ్ అనే శాస్త్రవేత్త బొమ్మ చూపించి ఊళ్లలో అడిగాడు. ఇది రాత్రిపూట తిరిగే పక్షి అని వేటకి పోయేవాళ్లకి తెలుసు. 1986 జనవరిలో లంకమల దగ్గర రెడ్డిపల్లెలో ఐతన్న అనే వేటగాడు రాత్రి దీపం వెలుగులో చేత్తోనే పట్టాడు. పాపం, ఆ పక్షి కొద్ది రోజులకే చచ్చిపోయింది. కానీ ఈ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. 86 ఏళ్లు "లేదు" అన్నది పుస్తకాలే. కలివి పొదల్లో తిరుగుతుందని దానికి కలివి కోడి అని పేరు పెట్టుకున్నోళ్లు ఎప్పుడూ అలా అనలేదు.

ఇంకో మాట. ఇది దట్టమైన అడవి పక్షి కాదు. ముళ్లపొదలు, మధ్య మధ్యలో ఖాళీ నేల, అదీ దాని ఇల్లు. హెక్టారుకి పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉన్నచోట ఎక్కువగా ఉంటుందని పరిశోధకులు లెక్క తేల్చారు. పొదలన్నీ కొట్టేసి నిమ్మతోట వేస్తే పోతుంది. పశువులు, మేకలు అసలు తిరక్కపోతే పొదలు కమ్ముకునీ పోతుంది. అంటే మితంగా మేపుకునేవాళ్లు, కట్టెలు ఏరుకునేవాళ్లు దానికి శత్రువులు కాదు. అసలు దెబ్బ నేల చదును చేసే యంత్రాలతో. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దీని చోటులోకే వచ్చింది. చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది.

తర్వాత చాలా ఏళ్లు మళ్లీ జాడ లేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షుల్ని పరిశీలించేవాళ్లు దాని కూత రికార్డు చేశారు. పొద్దుగూకిన కాసేపటికి ట్విక్‌టూ, ట్విక్‌టూ అని కూస్తుంది.

ఇప్పుడు నా సంగతి. హాస్టల్లో చేరిన కొత్తలో మీ తాత ఏం చేస్తాడని ఎవరన్నా అడిగితే కూలి అని చెప్పేవాణ్ణి. తేనె తీస్తాడని, ఎలుకలు పడతాడని చెప్పాలంటే సిగ్గు. మొన్న సెలవులకి పోయి కలివి కోడి సంగతి అడిగాను. తాను చూశానని చెప్పలేదు. కానీ ఏ వాగు పక్కన కలివి పొదలుండేవో, ఏ నెలలో కాయలు నల్లబడతాయో, రాత్రిపూట ఏ పిట్ట ఎట్లా కూస్తుందో గంటసేపు చెప్పాడు. నేను రాసుకున్నది రెండు పేజీలే. తాతకి డెబ్బై దాటాయి.

అందుకే అడుగుతున్నా. ఈ సెలవుల్లో మీ ఇంట్లో పెద్దోళ్లని కూర్చోబెట్టి పిట్టల పేర్లు అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. చెప్పినోళ్ల పేరు, ఊరు కూడా కలిపి రాయండి. ఎక్కడైనా కలివి కోడి కనిపిస్తే పట్టొద్దు, తరమొద్దు, చోటు గుర్తుపెట్టుకుని ఫారెస్టు వాళ్లకి చెప్పండి.

అప్పుడు జెర్డాన్‌కి చెప్పినాయన పేరు మనకి తెలీదు. ఇప్పుడు చెప్పేవాళ్ల పేరు పోకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. మీ ఊళ్లో పిట్టల పేర్లు కింద రాయండి. మొదట మా తాత చెప్పినవి నేను పెడతా.