కొమ్ము పాత్ర పట్టిన యవనుడు

లాంచీ నాగార్జునసాగర్ జలాశయం నీళ్ల మీద నెమ్మదిగా పోతోంది. మన కింద, నీటి అడుగున, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. ఆనకట్ట వల్ల ముంపు ముంచుకొస్తుంటే దొరికిన శిల్పాలను పైకి చేర్చి, కొన్ని కట్టడాలను కొండ మీద మళ్లీ కట్టారు. ఆ కొండే ఇప్పుడు నాగార్జునకొండ దీవి.

రేవు దిగి, చెట్ల నీడన నడిచి మ్యూజియంలో అడుగుపెట్టగానే చల్లగా తగిలింది. చుట్టూ పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయతో. ఏ పలకలో చూసినా మనవాళ్లే: ఒంటి మీద చొక్కా లేదు, చేతినిండా కడియాలు, నడుముకు గుడ్డ. ఆ గుంపులోంచి వచ్చి ఒక స్తంభం ముందు ఆగిపోయాను. కుట్టిన పొడుగు చేతుల అంగీ, కాళ్లకు పైజామా, చేతిలో ఈటె. శక సైనికుడు! ఎండ మండిపోయే పల్నాడులో ఆ బట్టలతో కాపలా కాశాడు.

రాజప్రాసాదం చోట దొరికిన మరో బొమ్మ ఇంకా వింత. గడ్డం, సగం జారిన వస్త్రం, చేతిలో కొమ్ము పాత్ర. రోమన్లు, గ్రీకులు కొలిచిన ద్రాక్షసారా దేవుడు డయొనైసస్ పోలికలే. దగ్గరికెళ్లి చూడండి. పోలిక సముద్రం అవతలిది, రాయి మాత్రం మన నేలది. ఇదే లోయలో తిబెరియస్, ఫౌస్టీనాల బంగారు నాణేలు దొరికాయి. సరుకు వెంట బొమ్మలూ వచ్చాయి. మన శిల్పి వాటికి బెదరలేదు, తన రాతిలో చోటిచ్చాడు.

బయట మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం. అడ్డంగా కొలిస్తే 106 అడుగులు. లోపలి కట్టు బండి చక్రమే: మధ్యన కుంభం, ఆకుల్లా ఇటుక గోడలు, సందుల్లో కూరిన మట్టి. రోములో అగస్టస్ సమాధిలోనూ గుండ్రటి గోడలను కలుపుతూ ఇలాంటి అడ్డగోడలున్నాయి. అక్కడ చక్రవర్తుల చితాభస్మం దాచారు. ఇక్కడ బంగారు పెట్టెలో చిన్న ఎముక ముక్క దొరికింది. ఈ మహాచైత్యాన్ని నిలబెట్టిన దాత రాజు కాదు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. నాకు ఆవిడ పేరే ముందు గుర్తొస్తుంది.

ఆమెలాగే బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించింది, తామ్రపర్ణి థేరుల కోసం, అంటే శ్రీలంక బౌద్ధ భిక్షువుల కోసం. దాని నేల మీద ప్రాకృతంలో శాసనం చెక్కించింది. ఆ థేరులు ఏయే దేశాలవారి మనసులు గెలిచారో వరసగా చెప్పింది: కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి... ఆ తర్వాత యవన, అంటే గ్రీకు, రోమన్ల దేశం; ఆ పక్కనే దమిళ, అంటే తమిళ దేశం. మధ్యలో గీత కూడా లేదు.