ఏరు ఒక దారి, పట్టాలు ఒక దారి

మా నాన్నని నెలకోసారి తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నాయుడుపేటలో మా ఇంటి నుంచి రైల్వే స్టేషనుకి నడిచిపోవచ్చు, అయినా ఎప్పుడూ బస్సే ఎక్కుతాం. రోడ్డు మీద తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. రైల్లో అయితే ముందు ఉత్తరంగా గూడూరు పోయి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంట చుట్టి రావాలి. దాదాపు 120. నేను రాసిన ప్రోగ్రాము ఇలాంటి రూటు చూపిస్తే ఆఫీసులో నవ్వుతారు.

మెయిన్ లైను ముందొచ్చి, దాన్నుంచి బ్రాంచి లైన్లు చీలతాయని అనుకుంటాం కదా. ఇక్కడ తిరగబడింది. 1871 నాటికి మద్రాసు నుంచి రేణిగుంట, కడప మీదుగా రాయచూరు దాకా పట్టాలు పడ్డాయి. అది బొంబాయి దారి. అప్పటికి నెల్లూరు తీరానికి రైలు లేదు. ఉప్పూ, వంటచెరకూ పడవల మీద మద్రాసు చేరేవి; 1877–78 కరువు పనుల్లో తవ్వకం సాగిన బకింగ్‌హాం కాలువ ఆ జలమార్గమే. ఆ తర్వాత 1880లలో తిరుపతి వైపు నుంచి గూడూరు మీదుగా నెల్లూరుకి మీటరుగేజి లైను వచ్చింది. మద్రాసు–బెజవాడ బ్రాడ్‌గేజి లైను, అంటే మా ఊరి లైను, పూర్తయింది 1899లో.

చంద్రగిరి దగ్గరి కొండల్లో పుట్టిన స్వర్ణముఖి శ్రీకాళహస్తినీ, నాయుడుపేటనీ తాకి సముద్రంలో కలుస్తుంది. మీటరుగేజి పట్టాలు మాత్రం కాళహస్తి దాకా ఏటి లోయలోనే వచ్చి, అక్కడ ఉత్తరానికి తిరిగి వెంకటగిరి మీదుగా గూడూరు పోయాయి. 1899లో వచ్చిన లైను ఏటిని అడ్డంగా దాటి వెళ్ళిపోయింది. ఏటి వెంట ఉన్న రెండు ఊళ్ళని కలిపే పట్టాలు ఎవరూ వెయ్యలేదు. గూడూరులో కలిసిన ఆ రెండు లైన్లకీ గేజి వేరు: ఒకటి 1000 మిల్లీమీటర్లు, ఇంకోటి 1676. ఒక దాని పెట్టెలు రెండోదాని మీద నడవవు. సరుకైనా మనుషులైనా అక్కడ దిగి, బండి మారాల్సిందే.

స్వాతంత్ర్యం వచ్చాక గేజి మార్చారు. చుట్టుదారి మాత్రం అలాగే ఉంది.

ఆనాటి ఇంజినీర్లు పొరపాటు చేశారని నేను అనను. వాళ్ళ లెక్కలో మద్రాసు ఉంది, బెజవాడ ఉంది, కరువు ఉంది. నాయుడుపేట నుంచి తిరుపతి వెళ్ళే మనిషి లేడు. ఇప్పుడూ పెద్ద తేడా లేదు. 2019లో ప్రారంభమైన ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను కోసం వెలిగొండల్లో ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచారు. అది కృష్ణపట్నం పోర్టుకి దారి. 2011–12లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి లైను, కోస్తా లైనుకి ప్రత్యామ్నాయం. రెండూ కావలసినవే. కానీ మాకూ కాళహస్తికీ మధ్య ఉన్నది కొండలు కూడా కావు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లా గీత మార్చడానికి ఒక జీవో చాలింది.

కాళహస్తి దాటాక పట్టాలు బస్సుకి దగ్గరగా వస్తాయి. నాన్న కిటికీ వైపు జరిగి కూర్చుంటాడు. బండి కనిపిస్తే పెట్టెలు లెక్కపెడతాడు.